క్లోజపిన్ మూడు రాత్రులు తప్పింది, పాత డోసే వేయొచ్చా?

ప్రశ్న: మా ఇంట్లో ఒకరికి స్కిజోఫ్రీనియా (తీవ్రమైన మానసిక వ్యాధి) ఉంది, దానికి రెండేళ్లుగా రాత్రిపూట 300 మి.గ్రా. క్లోజపిన్ నడుస్తోంది. షాపులో స్టాకు లేక మూడు రాత్రులు తప్పింది. ఇవాళ మాత్రలు దొరికాయి. 300 ఒకేసారి వేయొచ్చా? రక్తపరీక్షలు మళ్లీ మొదటి నుంచి చేయించాలా?

జవాబు 1: వేయకండి. 48 గంటలు దాటితే ఒంటికి ఆ మందు అలవాటు తప్పుతుంది. ఒక్కసారిగా 300 పడితే బీపీ పడిపోయి స్పృహ తప్పొచ్చు, మూర్ఛ రావచ్చు, గుండె ఆగే ప్రమాదమూ ఉంది. మళ్లీ 12.5తో, అంటే 25 మాత్రలో సగంతో మొదలుపెట్టాలి. తట్టుకుంటే మొదటిసారి కంటే త్వరగానే పెంచుతారు. ఎంత త్వరగా అన్నది బీపీ, నాడి చూసి సైకియాట్రిస్టే చెప్పాలి. మాత్ర వేయకముందే, ఇవాళే ఫోన్ చేయండి.

జవాబు 2: రక్తపరీక్ష సంగతి. ఈ మందు తెల్ల రక్తకణాలను తగ్గించొచ్చు, అందుకే ఈ పరీక్షలు. అమెరికా లేబుల్ ప్రకారం మందు 30 రోజుల లోపు ఆగితే పరీక్షలు పాత వరసలోనే, 30 రోజులైతే మొదటి నుంచి. కొన్నిచోట్ల నియమం ఇంకా గట్టిది కాబట్టి వారం వారం చేయించమంటే కాదనకండి. రిపోర్టులో టోటల్ కౌంట్ (మొత్తం తెల్లకణాల సంఖ్య) ఒక్కటే చూసి ఊరుకోవద్దు. దాన్ని న్యూట్రోఫిల్స్ (ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) శాతంతో గుణించండి: 4,000లో 50 శాతమంటే 2,000, ఫరవాలేదు. 1,500 లోపుంటే అదే రోజు డాక్టరుకు చెప్పాలి. జ్వరం, గొంతునొప్పి వస్తే పారాసిటమాల్‌తో సరిపెట్టకుండా వెంటనే సీబీసీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేయించండి.

జవాబు 3: రక్తపరీక్షంటే అందరికీ భయమే, మలబద్ధకాన్ని మాత్రం ఎవరూ లెక్కచేయరు. ఈ మందు పేగుల కదలికను మందగింపజేస్తుంది. పేగు స్తంభించి ప్రాణం పోయినవాళ్లున్నారు. రోజూ మోషన్ అయిందా అని అడగండి. ఇసబ్గోల్ ఇక్కడ పనికిరాదు: కదలని పేగులో ఉబ్బి ఇంకా అడ్డుపడుతుంది. వేరే మందు డాక్టరు రాస్తారు. కడుపు ఉబ్బి వాంతులైతే నేరుగా ఎమర్జెన్సీకే.

ఇంకొకటి, బీడీ తాగే అలవాటుందా? పొగ ఈ మందును త్వరగా విరిచేస్తుంది. హఠాత్తుగా మానేస్తే అదే డోసుకు రక్తంలో మందు బాగా పెరిగి మత్తు, మూర్ఛ రావచ్చు. ఇది నికోటిన్ పని కాదు, పొగ పని. కాబట్టి నికోటిన్ చూయింగ్ గమ్ నమిలినా ఆ లెక్క మారదు. మానడం మంచిదే, కానీ ముందే చెప్పి మానాలి. విరేచనాలకని షాపులో అడిగి కొనే సిప్రోఫ్లాక్సాసిన్ కూడా మందు స్థాయిని అలాగే పెంచుతుంది.

ప్రశ్న అడిగినవారు: బీడీలున్నాయి, రోజుకు ఒక కట్ట. మూడు రోజులుగా బాగానే నిద్రపోతున్నారు.

జవాబు 1: రెండూ ఫోన్‌లో చెప్పండి. ఇకమీదట వారానికి సరిపడా మాత్రలు అదనంగా ఉంచుకోండి.