బోర్డో, బర్గండీ: పేర్లు దాచి రుచి చూడటం ఎలా?

లియోన్_వాసి:
వచ్చే నెలలో ఆరుగురు మిత్రులం కలిసి ఫ్రాన్స్‌లోని వైన్ ప్రాంతాలైన బోర్డో, బర్గండీల నుండి మూడేసి ఎర్ర వైన్లను, సీసాలకు కాగితం చుట్టి, పోల్చి చూడాలనుకుంటున్నాము. ఏ వరుసలో పోయాలి, ఎంత చల్లగా ఉండాలి, మధ్యలో ఏమి తినాలి?

పినో_ప్రియ:
బర్గండీని ముందుగా పోయండి. నేను బోర్డోలోని మెడోక్ వైన్లతో మొదలుపెట్టి ఒక సాయంత్రమంతా పాడుచేసుకున్నాను. వాటిలోని కాబెర్నే సోవిన్యోన్ ద్రాక్ష వగరుకు, పచ్చి నేరేడుకాయలు నమిలినట్టు నాలుక పట్టేసి, ఎంతో డబ్బు కూడబెట్టి కొన్న బర్గండీ వైన్ వోల్నే ఆ తరువాత నీళ్లలా తోచింది.

గరోన్_తీరం:
అసలు కాగితం చుట్టడం దేనికి? బోర్డో వైన్లను శ్రేణులుగా విభజించిన 1855 వర్గీకరణ చూసి కొంటే ఏది గొప్పదో ముందే తెలుస్తుంది. బోర్డోలో తొమ్మిదేళ్లుగా ద్రాక్షకోతకు వెళుతున్నవాడిగా చెబుతున్నాను.

మెర్లో_పక్షం:
తొమ్మిదేళ్లు కోసినా ఆ జాబితా ఎలా పుట్టిందో మీరు గమనించినట్టు లేదు. పారిస్ ప్రదర్శన కోసం దళారులు అప్పటి ధరలను బట్టి దాన్ని తయారుచేశారు. ఎర్ర వైన్లలో, బోర్డోలోని మరో ప్రాంతమైన గ్రావ్‌కు చెందిన ఓ-బ్రియోన్ తప్ప మిగిలినవన్నీ మెడోక్‌వే; బోర్డోలోనివే అయిన సాంతెమిలియోన్, పొమెరోల్‌లకు అందులో చోటే లేదు. మెర్లో ద్రాక్షతో చేసే ఆ మెత్తని వైన్లు తక్కువవని ఏ నాలుకతో అంటారు?

గరోన్_తీరం:
అనని మాటను నాకు అంటగట్టవద్దు. 1973లో మెడోక్ వైన్ మూటోన్ రోత్‌షీల్డ్‌ను రెండవ శ్రేణి నుండి మొదటిదానికి పెంచడం మినహా ఆ శ్రేణులు దాదాపు అలాగే నిలిచాయంటే, ఆ నేలలో సత్తా ఉన్నట్టే.

పారిస్_తెలుగు:
నిలిచింది కాగితం మీదనే. 1976లో పారిస్‌లో వైన్ వ్యాపారి స్టీవెన్ స్పరియర్ పేర్లు దాచి పోయించినప్పుడు, ఫ్రెంచి నిపుణులే కాలిఫోర్నియాకు చెందిన స్టాగ్స్ లీప్‌ను మూటోన్ కంటే పైన నిలిపారు. ఫ్రెంచి వైన్లు ముదిరాక చూడాలని వాదించినవారికి 2006లో మళ్లీ పోటీ పెట్టి చూపితే, కాలిఫోర్నియా వైన్ రిడ్జ్ మొదట నిలిచింది.

పినో_ప్రియ:
ప్రశ్న కాలిఫోర్నియా గురించి కాదు. బర్గండీని 14–16 డిగ్రీల వద్ద, బోర్డోను 17–18 వద్ద పోయండి. గది వేడిమి చాలుననే మాట చలిగా ఉండే పాతకాలపు ఫ్రెంచి ఇళ్లకు చెల్లింది కాని, 22 డిగ్రీల ఫ్లాట్లకు చెల్లదు; అంత వేడిలో ఆల్కహాలు ఘాటే ముక్కుకు తగులుతుంది.

లియోన్_వాసి:
కృతజ్ఞతలు. తినే సంగతి ఎవరూ చెప్పలేదు.

మెర్లో_పక్షం:
ఉత్త రొట్టె, నీళ్లు చాలు. చీజ్ మాత్రం పెట్టవద్దు, అది వగరును కప్పేసి అన్ని వైన్లనూ మంచివే అనిపిస్తుంది. అయితే ఆ మూడు బోర్డోలలో ఒక పొమెరోల్ లేనిదే ఈ పోలికను నేను ఒప్పుకోను.