ఏడాది ఎమ్మెస్సీ ఏఐకి యూకే వెళ్లడం: చదివొచ్చినవాళ్లు చెప్పండి

ఉండి_కుర్రాడు:
నాది ఈసీఈ, 2024లో బీటెక్ అయింది. ఇంగ్లండ్ నుంచి 2026 సెప్టెంబర్ ఇన్‌టేక్‌కి ఎమ్మెస్సీ ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ ఆఫర్ లెటర్ వచ్చింది. ఏడాది కోర్సు. అమీర్‌పేటలో కన్సల్టెన్సీ ఆయన "ఏఐ అయితే ఉద్యోగం గురించి బెంగే అక్కర్లేదు" అంటున్నాడు. నాన్న ఇంటి పత్రాలు బ్యాంకులో పెడతానంటున్నారు. అక్కడ చదివినవాళ్లు ఉంటే చెప్పండి. ఏడాదిలో నిజంగా ఏమైనా నేర్పుతారా?

తమ్మిలేరు:
నేర్పుతారు తమ్ముడూ. నాదీ ఈసీఈనే. హైదరాబాద్‌లో సపోర్ట్ ఉద్యోగం మానేసి 2023 సెప్టెంబర్‌లో వెళ్లాను. మొత్తం 180 క్రెడిట్లు, అందులో 60 డిసర్టేషన్‌కే, అంటే చివరి పరిశోధన ప్రాజెక్టుకే పోతాయి. మొదటి సెమిస్టర్‌లో చాట్‌బాట్ల ఊసే ఉండదు. సెర్చ్ అల్గారిథమ్‌లు, బేయిస్ సూత్రం, మాత్రికలు. బ్యాక్‌ప్రాపగేషన్‌ని (మోడల్ చేసిన తప్పును వెనక్కి పంపి దాన్ని సరిదిద్దే పద్ధతి) లైబ్రరీ వాడకుండా సొంతంగా రాయమన్నారు. బీటెక్‌లో చైన్ రూల్ పరీక్ష కోసం చదివాను, అది ఎందుకు ఉందో మాత్రం ఆ ల్యాబ్‌లోనే అర్థమైంది.

మార్కుల సంగతి ముందే తెలుసుకో. 50కి పాస్, 60 దాటితే మెరిట్, 70 దాటితే డిస్టింక్షన్. మన ఎనభైలు తొంభైలు అక్కడ ఉండవు. మోడల్ 94 శాతం కరెక్టు అని రాస్తే ఎవరూ మెచ్చుకోరు. ఆ మిగతా 6 శాతంలో ఏముంది, ఎందుకు తప్పింది, అది అడుగుతారు.

నా డిసర్టేషన్ తెలుగు టోకెనైజర్ మీద, అంటే వాక్యాన్ని మోడల్ చదువుకునే ముక్కలుగా కోసే ప్రోగ్రామ్ మీద. కంప్యూటర్ అక్షరాల్ని దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. "స్త్రీ" అనే ఒక్క అక్షరం లోపల ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు. ఇంగ్లిష్ ఎక్కువగా ఉన్న డేటా మీద తయారైన టోకెనైజర్ దాన్ని మరీ చిన్న ముక్కలు చేసి పారేస్తుంది. ఇక "వెళ్లలేకపోయినవాళ్లందరికీ" లాంటి మాట వస్తే చెప్పక్కర్లేదు. ప్రత్యయాలు ముందే విడదీసి ఇస్తే బాగుపడుతుందేమోనని చూశాను. పెద్దగా బాగుపడలేదు, సంధి దగ్గర విరిగింది. "ఎందుకు విరిగిందో అదే నీ థీసిస్" అన్నారు మా సూపర్‌వైజర్. పనిచేయని ఫలితాన్ని దాచకుండా రాస్తే దానికీ విలువ ఉంటుందని నాకు చదువులో మొదటిసారి తెలిసింది అక్కడే.

మానేరు_ఒడ్డు:
తెలుగు మీద పని చేసేటందుకు ఇంగ్లండ్ పోవుడేంది? గచ్చిబౌలిల ట్రిపుల్ ఐటీ ఉన్నది. అక్కడి ఎల్‌టీఆర్‌సీ అనే భాషా టెక్నాలజీ ల్యాబ్‌ల తెలుగు, హిందీ భాషల మీద ఏండ్ల సంది పని జరుగుతున్నది. ఐఐటీ హైదరాబాద్ 2019లనే ఏఐ బీటెక్ పెట్టింది. తెలుగు తెలిసిన సూపర్‌వైజర్ దొరికే జాగ విడిచిపెట్టి తెలుగు రాని ఆయన దగ్గర తెలుగు టోకెనైజర్ చేసిన అంటే నాకైతే అర్థమైతలేదు.

తమ్మిలేరు:
అన్నా, ట్రిపుల్ ఐటీలో సీటు పిలిచి ఇస్తారా? రాత్రి షిఫ్టు చేసుకుంటూ గేట్ రాశాను, ర్యాంకు రాలేదు. నాకు తెరుచుకున్న తలుపు అది. ఇంకోటి, ఆయనకు తెలుగు రాకపోవడం నాకు కలిసొచ్చింది. సంధి అంటే ఏమిటో ఆయనకి మొదటి నుంచి వివరించాల్సి వచ్చింది. అలా వివరించేటప్పుడే లోపం ఎక్కడుందో నాకు కనబడింది.

చుక్కల_ముగ్గు:
ఇంకో విషయం కూడా రాయండి. నేను సొంతంగా రాసిన రిపోర్టును "ఏఐ రాసింది" అని సాఫ్ట్‌వేర్ చూపిస్తే నన్ను కమిటీ ముందు కూర్చోబెట్టారు. నోట్సు, పాత డ్రాఫ్టులు అన్నీ చూపిస్తేనే వదిలారు. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ల టోఫెల్ వ్యాసాల్లో సగానికి పైగా ఈ డిటెక్టర్లు తప్పుగా పట్టుకున్నాయని 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులే చూపించారు. డ్రాఫ్టులు డిలీట్ చెయ్యకండి.

పాత_బెంచీ:
నేను ముప్పై ఏళ్లు కాలేజీలో పాఠం చెప్పి రిటైర్ అయ్యాను. ఈసీఈ వాళ్లకి ఏఐ ఎందుకు అనేవాళ్లకి ఒక మాట. 2024లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఏఐ పరిశోధకుడు జెఫ్రీ హింటన్ కేంబ్రిడ్జ్‌లో బీఏ చేసింది ప్రయోగాత్మక మనస్తత్వశాస్త్రంలో. ఆ తర్వాత 1978లో ఎడిన్‌బరా నుంచి ఏఐలో పీహెచ్‌డీ. ఆయన చదువుకున్న కాలం కూడా గమనించండి. 1973లో లైట్‌హిల్ నివేదిక ఈ రంగం చెప్పినంత సాధించలేదని తేల్చింది, బ్రిటన్‌లో నిధులు ఎండిపోయాయి. ఎడిన్‌బరాలో డొనాల్డ్ మికీ బృందం ఫ్రెడ్డీ రోబోతో బొమ్మ కారు విడిభాగాలు బిగించి చూపించినా నిధుల కోత ఆగలేదు. ఇప్పటి ఏఐకి మూలమైన న్యూరల్ నెట్‌వర్కులంటే జనం మొహం తిప్పుకున్న రోజుల్లో ఆయన వాటినే పట్టుకుని కూర్చున్నాడు. మార్కెట్ ఎలా ఉందని చూసి ఆ చదువు ఎవరూ చదివి ఉండరు.

మానేరు_ఒడ్డు:
సార్, హింటన్ ఏండ్లకేండ్లు పీహెచ్‌డీ చేసిండు, ఏడాది ఎమ్మెస్సీ కాదు. ఆయన అప్పు తీసుకొని చదివిండా? పోలిక కుదరదు. నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలే. తెలుగు మీద పని హైదరాబాద్‌ల ఎందుకు చేయలేదు?

నల్లరేగడి:
ఆ తెలుగు సంగతి వదిలెయ్ బ్రో. కుర్రాడికి పనికొచ్చేది చెప్పండి. టర్మ్‌లో వారానికి 20 గంటలే పని. డిసర్టేషన్ రాసే జూన్, జులై, ఆగస్టు కూడా మాస్టర్స్ వాళ్లకి టర్మ్ కిందే లెక్క. సమ్మర్ సెలవులనుకుని ఫుల్ టైమ్ చేస్తే వీసా పోవచ్చు. బీటెక్ సెలవుల్లా అనుకోవద్దు.

తమ్మిలేరు:
నల్లరేగడి గారు చెప్పింది అక్షరాలా నిజం. మానేరు అన్నా, జవాబు పైనే ఇచ్చాను.

మానేరు_ఒడ్డు:
ఇచ్చింది జవాబు కాదు. సరే, ఇప్పుడు మీరు చేసేది ఏం ఉద్యోగం? ఏఐ ఉద్యోగమా?

తమ్మిలేరు:
మాంచెస్టర్ దగ్గర చిన్న కంపెనీలో డేటా ఇంజనీర్‌ని. గ్రాడ్యుయేట్ వీసా మీద ఉన్నాను (చదువయ్యాక కొంతకాలం ఉండి పని చేసుకోనిచ్చేది, గ్రాడ్యుయేట్ రూట్ అన్నా అదే). కంపెనీ నుంచి వర్క్ వీసా స్పాన్సర్‌షిప్ ఇంకా రాలేదు.

మానేరు_ఒడ్డు:
గదే నేను చెప్పేది! ఏఐ చదివి డేటా పైపులైన్లు చూసుకుంటున్నరు. ఆ పని హైదరాబాద్‌ల ఆర్నెల్ల కోర్సు చేసినోళ్లకు కూడా దొరుకుతది. స్పాన్సర్‌షిప్ లేదు, రేపు వీసా అయిపోతది. ఇంత పెట్టుకొని ఆ పిల్లగానికి "నేర్పుతారు తమ్ముడూ" అని ఎట్ల చెప్తున్నరు మేడమ్?

తమ్మిలేరు:
అతను అడిగింది "నేర్పుతారా" అని. "ఉద్యోగం ఇస్తారా" అని కాదు. నేను అడిగినదానికి చెప్పాను. పొద్దున్నుంచీ మీరు నా టోకెనైజర్ని పట్టుకుని వేలాడుతున్నారు, ఇప్పుడు ఉద్యోగాన్ని పట్టుకున్నారు. మీ కోపం నా మీద కాదని తెలుస్తూనే ఉంది. అసలు ఎవరి మీదో చెప్పండి, మాట్లాడుకుందాం.

మానేరు_ఒడ్డు:
చెప్తా. నాకు 2016ల ఎంటెక్ సీటు వచ్చింది, మంచి కాలేజీల. అదే ఏడు నాయనకు పక్షవాతం. సీటు వదిలి నౌకరీల చేరిన. ఎవ్వరిని ఒక్క మాట అనలే. 2022ల మా తమ్ముడు ఇదే కోర్సుకు యూకే పోయిండు. లోన్ మీద కో-అప్లికెంట్ సంతకం నాది. వీసా అయిపోయింది, వాపస్ వచ్చిండు, ఇంట్లనే ఉన్నడు. ప్రతి నెల ఈఎంఐ నా జీతం నుంచి పోతది. వాడు కూడా మీలెక్కనే అంటడు, "అన్నా, మస్తు నేర్చుకున్న" అని. నేర్చుకున్నడు, నిజమే, కాదంటలేను. నాకూ నేర్చుకోవాలనే ఉండె. వాడు నేర్చుకునుడుకు నేనెందుకు కట్టాలె? నేర్చుకునే హక్కు ఇంట్ల ఒక్కనికే ఉంటదా?

పాత_బెంచీ:
నాయనా, ఈ ముక్క మొదటే రాసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. మీ మాటలో న్యాయం ఉంది.

తమ్మిలేరు:
న్యాయం ఉంది, నేనూ ఒప్పుకుంటాను. మీకు జరగాల్సింది జరగలేదు. కానీ దానికి తప్పు చదువుది కాదు అన్నా. మా ఇంట్లో నా పెళ్లికి పదిహేను లక్షలు అప్పు చెయ్యడానికి అందరూ సిద్ధపడ్డారు. అది ఎప్పుడు తిరిగొస్తుందని ఒక్క చుట్టం అడగలేదు. అదే డబ్బు చదువుకి అన్నప్పుడు మాత్రం బాబాయిలు, మావయ్యలు కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నారు. ఆ చదువు లోన్ నా పేరు మీద ఉంది, నేనే కడుతున్నాను. డేటా ఇంజనీర్ జీతంతోనే. మోడల్ ఎందుకు తప్పుతోందో కూర్చుని ఆలోచించగలగడం నాకు కావాలనిపించింది, వెళ్లి సంపాదించుకున్నాను. దాని ధర ఉద్యోగం పేరుతో మాత్రమే కొలుస్తామంటే నేను ఒప్పుకోను.

మానేరు_ఒడ్డు:
మీ పేరు మీద లోన్, మీరే కడుతున్నరు. మీకు ఆ మాట అనే హక్కుంది. మా తమ్మునికి లేదు. ఈ పిల్లగానికీ లేదు, ఎందుకంటే పోయేది వాళ్ల నాయన ఇల్లు. మన లొల్లి చదువు గురించి కానే కాదు, ఎవరి పైసలతోని అన్నదాని గురించి. గా కన్సల్టెన్సీ ఆయనకు కమీషన్ వస్తది. ఇల్లు పోతే ఆయన రాడు.

తమ్మిలేరు:
ఇల్లు పెట్టొద్దు అనే మాటలో మీతో ఉన్నాను. హక్కు లేదనే మాటలో లేను. తండ్రి తెలిసి, లెక్క చూసుకుని పెడితే అది ఆయన నిర్ణయం. మీ విషయంలో మిమ్మల్ని ఎవరూ అడగలేదు, సంతకం చెయ్యమన్నారు. తేడా అది.

మానేరు_ఒడ్డు:
అడిగినా చేసేవాన్నే. తమ్ముడు కదా. అందుకే అడగలే.

ఉండి_కుర్రాడు:
అక్కా, అన్నా, ఇద్దరికీ థాంక్స్. గ్రాడ్యుయేట్ రూట్ రెండేళ్లేనా? కన్సల్టెన్సీ ఆయన రెండేళ్లన్నాడు.

తమ్మిలేరు:
నాకు రెండేళ్లు. నీకు కాదు. 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకి 18 నెలలే. నీ కోర్సు 2027 సెప్టెంబర్‌కి అవుతుంది కాబట్టి నువ్వు అందులోకే వస్తావు. ఆ తర్వాత కంపెనీ స్పాన్సర్ చేసే స్కిల్డ్ వర్కర్ వీసాకి కనీసం ఉండాల్సిన మామూలు జీతం 2025 జులై నుంచి ఏడాదికి 41,700 పౌండ్లు. కొత్తగా చదువు ముగించినవాళ్లకి కొంత తక్కువ, 33,400. ఈ మూడు అంకెలూ కాగితం మీద రాసి నాన్నగారికి చూపించు. ఇంటి మీద కాకుండా నీ పేరు మీద ఎంత లోన్ వస్తుందో కూడా బ్యాంకులో అడుగు.

మానేరు_ఒడ్డు:
కో-అప్లికెంట్‌గా ఎవరిని పెడుతున్నవో వాళ్లను కూర్చోబెట్టి ఈఎంఐ ఎంతో చెప్పు. ఫోన్ల కాదు, ఎదురుంగ.

ఉండి_కుర్రాడు:
అన్నయ్యని అనుకున్నాం. ఇంకా అడగలేదు. ఆదివారం ఇంటికి వస్తాడు, అప్పుడే మాట్లాడతాను. డిపాజిట్ కట్టడానికి ఇంకా టైమ్ ఉంది.