నాక్స్ లైట్ వెలిగితే సెన్సర్ మార్చాల్సిందేనా?

మిర్చి లోడు, హన్మకొండ
అన్నలారా, బీఎస్6 లారీ, 2021 మోడల్. బోర్డు మీద ఇంజన్ లైట్ వచ్చింది, పికప్ పడిపోయింది, ఘాట్ కాదు కదా కాజీపేట బ్రిడ్జి ఎక్కడానికే ఏడ్చింది. స్కానర్ పెడితే పీ20ఈఈ అనే కోడ్ వచ్చింది. సైలెన్సర్ వెనక ఉన్న నాక్స్ (పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు) కొలిచే సెన్సర్ మార్చమన్నారు, 27 వేలు పెట్టి మార్చాను. రెండు రోజులకే మళ్ళీ అదే లైట్. ఇప్పుడు ముందుది కూడా మార్చాలట. మార్చాలా?

పానా పట్టినోడు
వద్దు. ఆ కోడ్‌కు అర్థం సెన్సర్ పోయిందని కాదు తమ్మీ, సైలెన్సర్‌లోకి యూరియా నీళ్ళు కొట్టినా పొగలో నాక్స్ తగ్గాల్సినంత తగ్గట్లేదని. ఉన్నది ఉన్నట్టు చూపించిన సెన్సర్‌ని పీకేస్తే అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టే. బండిని బాగా వేడెక్కించి, స్కానర్‌లోనే యూరియా డోసింగ్ ఆపించు. యూరియా పడకపోతే నాక్స్ తగ్గదు కాబట్టి, కాసేపటికి ముందుది, వెనకది రెండు సెన్సర్లూ దాదాపు ఒకే అంకె చూపిస్తే అవి బాగున్నట్టే, అప్పుడు యూరియా వైపు వెతుకు.

బొగ్గు టిప్పర్, గోదావరిఖని
చెప్పడం తేలికే భాయ్, నా బండికి ఇవన్నీ చేస్తూ మూడు కిరాయిలు పోగొట్టుకున్నా. చివరికి సెన్సర్ మారిస్తేనే లైట్ పోయింది.

పానా పట్టినోడు
నీకు వచ్చింది ఏ కోడ్? సెన్సర్ హీటర్‌దో, కనెక్షన్‌దో అయితే నేనూ మార్చమనే అంటా, అదీ ముందు వైరు, ప్లగ్గు చూశాకే. వీళ్ళది వేరే. ఏనుమాముల మార్కెట్ దగ్గర లైన్లో ఇంజన్ ఆన్‌లో పెట్టి గంటలు నిలబడే బండ్లకు సైలెన్సర్ వేడెక్కదు, దాదాపు 200 డిగ్రీలు దాటితే గాని యూరియా సరిగా పనిచేయదు, చల్లటి గొట్టంలో గడ్డ కడుతుంది.

కొత్త ఓనర్
బండి కంప్యూటర్‌ను మోసం చేసే బాక్స్ ఒకటి బిగిస్తే లైటే రాదంట కదా?

పానా పట్టినోడు
లైట్ రాదు, పొగ మాత్రం అట్లనే వస్తది. చట్టం ఒప్పుకోదు. ఇక్కడ ఆ ముచ్చట వద్దు.

మిర్చి లోడు, హన్మకొండ
అన్నా, నువ్వు చెప్పినట్టే చేశా, రెండు సెన్సర్లూ దాదాపు ఒకే అంకె చూపించాయి. యూరియా చిమ్మే ఇంజెక్టర్ విప్పితే మూతి చుట్టూ తెల్లగా, పటికబెల్లం ముక్కంత గడ్డ. గోరువెచ్చని నీళ్ళలో పెడితే కరిగింది. ట్యాంకులో యూరియా కూడా కొలిపించా, 32.5 శాతం ఉండాల్సింది 27 ఉంది. రోడ్డు పక్కన చవగ్గా దొరికిన క్యాన్ అది, తప్పు నాదే.

బొగ్గు టిప్పర్, గోదావరిఖని
కొందరు చేనుకు చల్లే యూరియానే నీళ్ళలో కలిపి అమ్ముతున్నారు. దానికి వేపనూనె పూత ఉంటది, సైలెన్సర్ లోపల నాక్స్ తగ్గించే క్యాటలిస్ట్ కూడా పోతది, చూసుకో. అయినా నా సెన్సర్ మాత్రం నిజంగానే పోయింది!

మిర్చి లోడు, హన్మకొండ
ట్యాంకు కడిగించి మంచిది పోయించా, నర్సంపేట దాకా పోయొచ్చినా లైట్ రాలేదు. పీకేసిన పాత సెన్సర్ టూల్ బాక్స్‌లోనే ఉంది, అదే మళ్ళీ బిగించి కొత్తది స్పేర్‌గా దాచుకోమంటారా?