ఆత్మ మనుషులకేనా, జంతువులకూ ఉంటుందా?

రాత్రిపిట్ట:
మా పిల్లి ఈమధ్యే పోయింది. "దానికి ఆత్మ ఉండదు, అది మనుషులకే" అని ఒక ఫ్రెండ్ తెగ ధీమాగా చెప్పేశాడు. ఆ టైంలో అనాల్సిన మాటేనా అన్నది పక్కన పెట్టండి, అసలు ఇది ఎవరు తేల్చారు, ఏ ఆధారంతో? మతాల పరంగానో సైన్స్ పరంగానో తెలిసినవాళ్లు చెప్పండి. ఓదార్పులు వద్దు.

పాతకాగితం:
ఎవరిని అడుగుతారన్నదాన్ని బట్టి ఉంటుంది. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ అయితే మొక్కకీ ఆత్మ ఉందనేవాడు, కాకపోతే దానిది పెరగడానికి సరిపడేంతే, జంతువుకి దానికి తోడు ఇంద్రియజ్ఞానం, మనిషికి ఆలోచన. 13వ శతాబ్దంలో థామస్ అక్వైనస్ అనే క్రైస్తవ పండితుడు దాన్నే తీసుకుని జంతువు ఆత్మ ఒంటితోపాటే పోతుంది, మనిషిది మిగులుతుంది అన్నాడు. 17వ శతాబ్దానికి ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ ఇంకాస్త ముందుకెళ్లి జంతువులు ఒట్టి యంత్రాలన్నాడు. జైనులది పూర్తిగా అటు కొస, నీటికీ నిప్పుకీ కూడా జీవం ఉందంటారు. బౌద్ధం గమ్మత్తు వేరు: శాశ్వతమైన ఆత్మ మనకే లేదు, కానీ జంతువుగా మళ్లీ పుట్టొచ్చు.

తూకంరాయి:
సైన్స్ అన్నారు కాబట్టి ఇది వినండి. ఆత్మ బరువు 21 గ్రాములని వాట్సాప్‌లో తిరుగుతుంది చూశారా, అది 1907లో డంకన్ మెక్‌డూగల్ అనే అమెరికా డాక్టర్ అచ్చేసిన ముచ్చట. చావుబతుకుల్లో ఉన్న ఆరుగురిని మంచంతో సహా తూకం మీద పెట్టాడు, ప్రాణం పోగానే ఆ 21 గ్రాములు తగ్గింది మొదటి మనిషికే, ఇద్దరి లెక్కలు ఆయనే కొట్టేశాడు. తర్వాత 15 కుక్కల్ని తూచి, బరువు తగ్గలేదు కాబట్టి వాటికి ఆత్మ లేదని తేల్చాడు. జబ్బుతో పోతున్న కుక్కలు తనకి దొరకలేదని కూడా రాసుకున్నాడు, మరి ఆ పదిహేనూ ఎలా పోయాయో మీరే ఊహించుకోండి! స్పృహ సంగతి వేరు. 2012లో కేంబ్రిడ్జ్‌లో కొందరు శాస్త్రవేత్తలు క్షీరదాలకీ పక్షులకీ ఆక్టోపస్‌లకీ కూడా స్పృహకి కావాల్సిన నాడీ ఏర్పాటు ఉందని ప్రకటన చేశారు.

ఎదురుగాలి:
మనవాళ్లు అన్ని జీవుల్లోనూ ఆత్మని చూశారు అని ఎవరో ఒకరు రాస్తారు కాబట్టి ముందే చెప్తున్నా. ఆవుని, ఏనుగుని, కుక్కని పండితుడు సమంగా చూస్తాడని భగవద్గీతలో ఉన్నమాట నిజమే. కానీ గజేంద్రమోక్షంలో ఆ ఏనుగు వెనకటి జన్మలో ఇంద్రద్యుమ్నుడనే రాజు, మొసలేమో హూహూ అనే గంధర్వుడు. ఏనుగు ఏనుగుగా మొరపెట్టుకుంటే చాలదా, రాజుగారి రికమండేషన్ కావాలా?

రాత్రిపిట్ట:
హహ, ఇదెప్పుడూ తట్టలేదు. తూకంరాయి గారూ, ఇంతకీ స్పృహ ఉంటే ఆత్మ ఉన్నట్టేనా?

తూకంరాయి:
అలా అనలేం. స్పృహని కొంతైనా పరీక్షించొచ్చు, ఆత్మకి ఏ పరీక్షా లేదు. మనిషికి ఉందనే రుజువు చూపించలేనప్పుడు పిల్లికి లేదని మీ ఫ్రెండ్ ఎలా చెప్తాడు? ఉంటే ఇద్దరికీ ఉందనుకోవడమే నాకు సబబుగా తోస్తుంది. దోమ దగ్గరికొచ్చేసరికి మాత్రం చెయ్యి ఊరుకోదు, అది వేరే సంగతి.