ఈ వారం సమస్య: బొమ్మ గీయ బోయి బొమలు పోయె

పెరంబూర్ బాబాయ్:
అందరికీ నమస్కారం. పోయిన వారం దత్తపది (ఇచ్చిన మాటలన్నీ వచ్చేలా పద్యం కట్టడం) మరీ కష్టం అని గోల పెట్టారు కదా, అందుకే ఈసారి ఆటవెలదిలో ఇస్తున్నా, వేమన్న ఛందస్సే, ఒకటి మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు (మూడు మాత్రల అక్షరాల గుంపులు) రెండు ఇంద్రగణాలు (నాలుగైదు మాత్రలవి), రెండు నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే, నాలుగో గణం మొదటి అక్షరానికి యతి (పాదం మొదటి అక్షరంతో పొత్తు), ప్రాస (పాదాల రెండో అక్షరాలు కలవడం) బెడద లేదు. మా కోడలు పాండీ బజార్ పార్లర్‌కి ఎవరెళ్తారు ఈ ఎండలో అని ఆన్‌లైన్‌లో ఐబ్రో లామినేషన్ కిట్టు (కనుబొమల వెంట్రుకల్ని పైకి దువ్వి అలాగే నిలబెట్టే మందులు) తెప్పించింది, దాని చుట్టూ ఇంట్లో జరిగిన హడావిడిలో తట్టిన పాదం ఇది, పై మూడు పాదాలు మీరు రాసి దీన్ని నాలుగో పాదంగా కలపాలి (అమ్మాయి బొమలు భద్రంగానే ఉన్నాయి, కంగారు పడకండి):

బొమ్మ గీయ బోయి బొమలు పోయె

వేలచ్చేరి అక్క:
బోణీ నాదే బాబాయ్ గారూ.

వీడియోను చూసి విడదీసి ప్యాకెట్టు
మొదటి మందు రాసి మొద్దునిద్ర
నీట కడిగి చూడ నిండు మైనపు మోము
బొమ్మ గీయ బోయి బొమలు పోయె

పెరంబూర్ బాబాయ్:
భలే అమ్మా, "మొద్దునిద్ర" దగ్గర గట్టిగా నవ్వాను. యతులన్నీ కుదిరాయి. కానీ ఒక్క మాట, నువ్వు చేసింది పూత, గీత ఎక్కడుంది? "గీయ" అన్న మాటకి పై మూడు పాదాల్లో ఎక్కడో ఒకచోట ఆధారం ఉండాలి, లేకపోతే నాలుగో పాదం తెచ్చి అతికించినట్టు ఉంటుంది, అవధానంలో అయితే సమస్య ఇచ్చిన పృచ్ఛకుడు అక్కడే పట్టుకుంటాడు. మూడో పాదం మార్చి చూడు.

అంబత్తూర్ మాస్టారు:
అన్వయం (అర్థం అతుకు) సంగతి బాబాయ్ గారు చూసుకుంటారు, నేను కెమిస్ట్రీ చూస్తా. అక్క రాసింది అక్షరాలా జరిగే పనే. ఈ కిట్లలో మొదటి మందులో మామూలుగా థయోగ్లైకోలేట్ ఉంటుంది, జుట్టు పర్మింగ్‌కి వాడేదే, అది వెంట్రుకలోని కెరాటిన్‌లో గంధకపు బంధాల్ని తెంపి మెత్తబరుస్తుంది, అప్పుడు వెంట్రుకల్ని పైకి దువ్వి పెడతారు, తర్వాత రెండో మందు, చాలావాటిలో హైడ్రోజన్ పెరాక్సైడ్, ఆ కొత్త ఆకారంలోనే బంధాల్ని మళ్ళీ బిగిస్తుంది. సరిగ్గా చేస్తే 6 నుంచి 8 వారాలు నిలుస్తుంది. ప్యాకెట్ మీద వేసిన నిమిషాలు దాటి వదిలేస్తే మాత్రం వెంట్రుక పెళుసై తెగిపోతుంది, కింద చర్మం మండుతుంది. అంచేత నిద్రపోతే బొమలు పోవడంలో అతిశయోక్తి ఏమీ లేదు, పద్యంలో కార్యకారణం పక్కాగా ఉంది.

వేలచ్చేరి అక్క:
మాస్టారూ థాంక్స్, కానీ ఇప్పుడు నా కిట్టు చూస్తే భయమేస్తోంది 😄 సరే మార్చాను:

మేలుకొనగ తెలిసె మెరిసేటి మోముపై
బొమ్మ గీయ బోయి బొమలు పోయె

పెరంబూర్ బాబాయ్:
ఇదీ! "మెరిసేటి మోముపై" అనగానే మొహమే పలక అయింది, ఉన్న అందం మీద ఇంకేదో గీద్దామని వెళ్ళిందన్న ఎత్తిపొడుపు కూడా వచ్చింది.

టీనగర్ చిన్నది:
నాకు గణాలు రావు అంకుల్, ఊరికే ట్రై చేశా, తిట్టకండి.

పార్లర్‌లో రేట్లు పెంచేశారు
ఇంట్లోనే చేసుకుందాం అనుకున్నా
దారం పంట్లో పెట్టి లాగితే
బొమ్మ గీయ బోయి బొమలు పోయె

వేలచ్చేరి అక్క:
చెల్లీ నీ దగ్గర సరుకుంది, ఛందస్సే లేదు. ఆ దారాన్ని పంటితో పట్టుకునే పని త్రెడ్డింగ్ ఆంటీలకి తప్ప మనకి చేతకాదు, ఒక వెంట్రుకకి బదులు గుప్పెడు వస్తాయి.

పెరంబూర్ బాబాయ్:
తిట్టడమెందుకమ్మా, నీ మాటలే కాస్త సర్దితే చాలు:

పార్లరందు ధరలు పైపైకి పోవగా
ఇంటిలోనె చేతు నింక ననుచు
దారమొకటి పళ్ళ తగిలించి లాగితే
బొమ్మ గీయ బోయి బొమలు పోయె

మొదటి పాదంలో "పా"కి "పై"తో యతి, ఆకారానికి ఐకారంతో మైత్రి ఉంది కాబట్టి చెల్లుతుంది. మూడో పాదంలో "దా"కి "త", ఒకే వర్గం. రెండో దాంట్లో "నింక"లో (చేతును + ఇంక) న్ తీసేసి ఇకారం చూడాలి. ఇది నీ ఖాతాలోనే వేస్తున్నా.

మైలాపూర్ మనవడు:
నేను పార్లర్ వైపే వెళ్ళను, మాడ వీధుల్లో నవరాత్రి బొమ్మల బజారు చూసి పెరిగినవాణ్ణి. మా ఇంట్లో మరపాచి (కొయ్యబొమ్మల) రాజారాణీల జత ఉంది, ఎర్రచందనంవి, తిరుపతి నుంచి వచ్చినవి, మొహాలకి రంగు మాత్రం అమ్మమ్మ వేసింది.

కొలువు కొరకు పాత కొయ్యబొమ్మను తీసి
తళతళయని మెరయ తాత గీకె
రంగులూడి జారె రాణిగారికి నేడు
బొమ్మ గీయ బోయి బొమలు పోయె

పెరంబూర్ బాబాయ్:
అదిరింది మనవడా. బొమ్మని నిజం బొమ్మే చేశావు, "గీకె"తో "గీయ" కూడా అన్వయించింది. నాకు ఇంతవరకు వచ్చినవాటిలో ఇదే ఎక్కువ నచ్చింది. అమ్మమ్మగారు తాతగారిని ఏమన్నారో రాయలేదు, అది ఇంకో పద్యం అనుకుంటా.

ఆవడి తమ్ముడు:
గడ్డం గీయడం కూడా గీయడమే కదా సార్. మా రూమ్‌లో మావాడు ఐబ్రో స్లిట్ (బొమ మధ్యలో సన్నటి గీత) పెట్టుకుంటా అని రేజర్ తీశాడు.

గడ్డమునకు కొన్న కత్తెత్తి మావాడు
గీత యొకటి పెట్ట కెలికి చూసె
చెయ్యి జారె నంత చిత్రమే మారెరా
బొమ్మ గీయ బోయి బొమలు పోయె

మైలాపూర్ మనవడు:
బ్రో, గీత ఒక్కటే పెడితే పోయేది ఒక్క బొమే కదా, "బొమలు" బహువచనం ఎలా వచ్చింది?

ఆవడి తమ్ముడు:
ఒకటి పోయాక రెండోది మ్యాచ్ చేద్దామని అదీ తీసేశాడు బ్రో. ఇప్పుడు ఆఫీసుకి క్యాప్ పెట్టుకుని వెళ్తున్నాడు.

పెరంబూర్ బాబాయ్:
సమర్థన బాగుంది, కానీ అది పద్యంలో లేదు నాయనా. "మారెరా"లో "రా" గణం నింపడానికి వచ్చింది, "చిత్రమే మారగా" అను, గణం అదే, కింది పాదంతో అతుకు కూడా కుదురుతుంది. గీ, కె యతి సరిపోయింది.

అంబత్తూర్ మాస్టారు:
నాదీ ఒకటి.

తలకు వేయు రంగు తన కంటిపై వేసి
వాచిపోయె మోము బంతివోలె
చదువలేదు డబ్బి చాటు హెచ్చరికను
బొమ్మ గీయ బోయి బొమలు పోయె

ఇది కల్పన కాదండోయ్, హెయిర్ డై పెట్టె తిప్పి చూడండి, రెప్పలకి బొమలకి వాడకూడదు, వాడితే చూపు పోవచ్చు అని ఉంటుంది, మన దేశపు రూల్స్ ప్రకారం అచ్చెయ్యాల్సిన మాట అది. వాటిలో ఉండే పీపీడీ అనే రంగు రసాయనం కొందరికి పడదు, బ్లాక్ హెన్నా అని అమ్మేవాటిలోనూ కలుపుతారు, అందుకే 48 గంటల ముందు చెవి వెనక కాస్త రాసి చూడమంటారు.

వేలచ్చేరి అక్క:
మాస్టారూ పద్యం కంటే పాఠం పెద్దదైంది 😂 పైగా మొహం వాస్తే బొమలు పోవుగా?

అంబత్తూర్ మాస్టారు:
వాపులో కనపడకుండా పోయాయమ్మా. పోవడం అంటే రాలడమే కానక్కర్లేదు.

పెరంబూర్ బాబాయ్:
ఒప్పుకుంటున్నా, "చాటు హెచ్చరిక" మంచి ప్రయోగం. ఎవరో పర్సనల్‌గా మెసేజ్ పెట్టారు, చూసి రాసి అని కాదు చూచి వ్రాసి అనాలని, ఇక్కడ వ్యావహారికం చెల్లుతుందని మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాం, దాని మీద మళ్ళీ చర్చ వద్దు. ఈ వారం మార్కులు మైలాపూర్ మనవడికి, రెండో స్థానం అక్క సవరించిన పద్యానికి. వచ్చే వారానికి తేటగీతి ఛందస్సు, ఇప్పట్నుంచే కూర్చోండి:

అద్దమును చూడ కనిపించె నత్తగారు