మా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టును ఏ గొడుగు సంస్థలో చేర్చాలి?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటు యజమానులు డీజిల్, ఐసు, వేట లెక్కలు రాసుకోవడానికి మేం కొందరం కలిసి ఒక యాప్ చేస్తున్నాం. జీపీఎల్ లైసెన్సు, అంటే కోడ్ ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. చిక్కేంటంటే డొమైన్ ఒకరి పేరు మీద, సర్వర్ బిల్లు ఇంకొకరి కార్డు మీద, వచ్చే కాసిని విరాళాలు నా సేవింగ్స్ ఖాతాలో, రేపు ఇన్‌కంటాక్స్ వాళ్లు అడిగితే ఏం చెప్పాలా అని ఒకటే టెన్షన్.

సొంతంగా సొసైటీ పెట్టి ఏటా ఆడిట్లు చేయించే ఓపిక ఎవరికీ లేదు. అందుకే ఇలాంటి ప్రాజెక్టుల డబ్బు, ఆస్తులు తమ పేరు మీద చూసిపెట్టే గొడుగు సంస్థలు చూస్తున్నాం. గిట్, ఇంక్‌స్కేప్ లాంటి పేరున్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు ఉన్న సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్జర్వెన్సీలో చేరితే ప్రాజెక్టు చట్టపరంగా వాళ్లలో భాగమైపోతుంది, ఆదాయంలో 10 శాతం వాళ్లకు. డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు 1997లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇన్ ది పబ్లిక్ ఇంట్రెస్ట్ 5 శాతమే తీసుకుంటుంది, పెత్తనం కూడా మన చేతిలోనే ఎక్కువ ఉంటుంది. నా మనసు దీని మీదే. మావాళ్లు మాత్రం లాయర్ల సాయం దొరుకుతుందని మొదటిదే అంటున్నారు.

రెండూ అమెరికావే కాబట్టి అసలు భయం ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం. చేసిన పనికి ఇన్‌వాయిస్ మీద వచ్చే ఫీజు విదేశీ విరాళం కిందకు రాదు, అంతవరకు అర్థమైంది. మరి సర్వర్ ఖర్చు తిరిగి ఇప్పించుకుంటే? హార్బర్‌లో శిక్షణ పెట్టడానికి డబ్బు పంపిస్తే?

ఇండియా నుంచి ఇలా చేరినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఒక ఊళ్లోనే వాడే చిన్న ప్రాజెక్టును అసలు తీసుకుంటారా? ఈ సంగతులు తెలిసిన సీఏ వైజాగ్‌లో దొరుకుతారా?