ఐటీఐ వెల్డర్ తర్వాత పైచదువు: అమెరికా ఎం-1 వీసానా, కెనడానా?

గాజువాక_అక్క:
మా తమ్ముడు ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ పూర్తిచేశాడు. అమెరికాలో పది నెలల వెల్డింగ్ కోర్సుకి సీటొచ్చింది, ఐ-20 (కాలేజీ ఇచ్చే అడ్మిషన్ పత్రం) మీద ఎం-1 (వృత్తి కోర్సుల విద్యార్థి వీసా) అని ఉంది. "వెళ్లాక ఎఫ్-1కి (డిగ్రీలాంటి చదువుల విద్యార్థి వీసా) మార్చుకోవచ్చు, చదువుకుంటూ పనీ చేసుకోవచ్చు" అంటున్నాడు ఏజెంటు. నిజమేనా? కెనడా మేలా? వెళ్లేలోపు వైజాగ్‌లో ఏం ప్రాక్టీసు చేయాలి?

స్టీల్‌ప్లాంట్_కాలనీ:
అమ్మా, ఆ రెండు మాటలూ తప్పే. అమెరికాలో ఉండి ఎం-1 నుంచి ఎఫ్-1కి మారడం కుదరదు. చదివినన్నాళ్లూ ఉద్యోగం చేయకూడదు. కోర్సు అయ్యాకే, నాలుగు నెలల చదువుకి ఒక నెల లెక్కన, ఎక్కువలో ఎక్కువ ఆరు నెలలు ప్రాక్టికల్ ట్రైనింగ్ ఇస్తారు. పది నెలల కోర్సుకి వచ్చేది రెండు నెలలే, అదీ అనుమతి కార్డు చేతికొచ్చాక. అప్పు తెచ్చి పంపుతున్నట్టయితే ఆ జీతం మీద లెక్కలు వేయకండి. అదే కాలేజీలో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ ఉందేమో, దానికి ఎఫ్-1 ఐ-20 ఇస్తారేమో ఏజెంటుని కాదు, కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకే మెయిల్ పెట్టి అడగండి. ఎఫ్-1 అయితే చదువయ్యాక 12 నెలల వరకు ఓపీటీకి (చదివిన రంగంలో పనిచేసే అనుమతి) దరఖాస్తు చేసుకోవచ్చు.

మర్రిపాలెం_రవి:
కెనడా సంగతి. చదువయ్యాక వచ్చే వర్క్ పర్మిట్‌కి కోర్సు కనీసం 8 నెలలుండాలి, కాలేజీ కూడా ఆ పర్మిట్‌కి అర్హత ఉన్నదై ఉండాలి. 2024 నవంబర్ 1 నుంచి స్టడీ పర్మిట్‌కి దరఖాస్తు చేసేవాళ్లకి కాలేజీ కోర్సులైతే కొరత ఉన్న రంగాల జాబితాలోనివే పనికొస్తాయి. ఆ జాబితా మారుతుంటుంది కాబట్టి ఫీజు కట్టేముందు కోర్సు కోడ్ సరిచూసుకోండి. చాలామంది బోల్తాపడేది ఇంకోచోట: అడ్మిషన్‌కి ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రాస్తారు, వర్క్ పర్మిట్‌కి మాత్రం ఐఈఎల్‌టీఎస్‌లో జనరల్ ట్రైనింగ్ స్కోరే చెల్లుతుంది. ఖర్చులో రెండో పరీక్ష కూడా వేసుకోండి. ఈ పర్మిట్ జీవితంలో ఒక్కసారే ఇస్తారు. చిన్న కోర్సుతో దాన్ని ఖర్చుపెట్టేకన్నా రెండేళ్ల కోర్సే మంచిదని నా మాట.

ఆటోనగర్_ఫిట్టర్:
ప్రాక్టీసు నేను చెప్తాను. ఇక్కడ చేయి అలవాటుపడేది 6013 రకం వెల్డింగ్ రాడ్డుకి. అక్కడ పైపు పనిలో తరచుగా రూట్ (అడుగు పొర) 6010 రాడ్డుతో, ఫిల్లూ క్యాపూ (మధ్య పొరలు, పై పొర) 7018తో వేయిస్తారు. 6010కి డీసీ, హోల్డర్ ప్లస్‌లో పెట్టాలి. చవక ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్ మీద ఆర్క్ మాటిమాటికీ ఆరిపోతుంటే తప్పు తమ్ముడి చేతిది కాకపోవచ్చు, చాలా చిన్న మిషన్లు ఆ రాడ్డుని మోయలేవు.

పైపు అంచు 37.5 డిగ్రీల బెవెల్ (ఏటవాలు కోత), రెండు పైపుల మధ్య గ్యాప్ 3 మి.మీ., రూట్ ఫేస్ (అంచు అడుగున కోయకుండా వదిలే మందం) 1.5 నుంచి 2 మి.మీ. 3.15 మి.మీ. రాడ్డయితే 80-90 ఆంపుల దగ్గర మొదలుపెట్టమనండి. రాడ్డు ముందు తాళపు కన్నంలాంటి చిన్న రంధ్రం కదులుతూ ఉండాలి. అది మూసుకుపోతే లోపల పెనెట్రేషన్ లేనట్టే, బెండ్ టెస్టులో (అతుకుని వంచి చూసే పరీక్ష) రూట్ అక్కడే నోరు తెరుస్తుంది. పెద్దదైతే లోహం లోపలికి కారుతుంది. రాడ్డు మార్చేచోట పాత చివరని గ్రైండర్‌తో పల్చగా దింపి అప్పుడు అక్కణ్నుంచి కొత్త రాడ్డుతో అందుకోవాలి, ఎక్కువ లోపాలు ఆ అతుకుల్లోనే.

7018 విషయంలో మన సముద్రపు గాలితో జాగ్రత్త. ప్యాకెట్ విప్పి షెడ్డులో వదిలేస్తే తేమ పీలుస్తుంది, బీడ్‌లో బుడగలు, పక్కన హైడ్రోజన్ పగుళ్లు వస్తాయి. విప్పిన రాడ్లు సుమారు 120 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో ఉంచాలి. వెల్డింగ్ భంగిమల్లో ముందు 2జీ (పైపు నిలువుగా), 5జీ (పైపు అడ్డంగా, తిప్పకుండా), తర్వాతే పైపుని 45 డిగ్రీల వాలుగా పెట్టి 6జీ.